గిటారు కావాలి, గిటారు వాయించినోళ్ళు వద్దా?

పారిస్ అనగానే అత్తరు వాసనలు, అద్దాల మేడలు గుర్తుకొస్తాయి. ఆ నగరం అంచున, పాత కోటగోడల బయట, బండ్లనే ఇళ్ళు చేసుకుని బతికిన జనం గురించి ఎవరు చెప్పారు మనకు? వాళ్ళు రోమాలు. అందులో మనూష్ తెగలో పుట్టినవాడు జాంగో రైన్‌హార్ట్. యూరప్‌లో జాజ్ గిటారుకు మొదటి పెద్ద పేరు ఆయనదే.

1910 జనవరి 23న బెల్జియంలోని లిబెర్షీలో పుట్టాడు. బడి చదువు లేదు. సంగీతాన్ని కాగితం మీద చదవడం రాదు. చెవే ఆయనకు బడి. పసితనం దాటకముందే బాంజో పట్టుకుని డాన్సు హాళ్ళలో అకార్డియన్ వాళ్ళ పక్కన వాయించి డబ్బు తెచ్చుకున్నాడు. 1928లో బండికి నిప్పంటుకుంది. అమ్ముకోవడానికి భార్య చేసిపెట్టిన సెల్యులాయిడ్ పూలు భగ్గుమన్నాయి. ఎడమ చేతి ఉంగరం వేలు, చిటికెన వేలు ముడుచుకుపోయాయి. గిటారు మీద స్వరాలు పట్టేది ఆ చెయ్యే గదా! ఇంకొకడైతే వదిలేసేవాడే. తమ్ముడు జోసెఫ్ గిటారు తెచ్చిచ్చాడు. జాంగో రెండు వేళ్ళకు సరిపోయే కొత్త దారి కనిపెట్టుకున్నాడు. చేతిని తీగల పొడుగునా పరిగెత్తించాడు. వంకరపోయిన వేళ్ళను కూడా ఊరికే ఉండనియ్యలేదు, కింది తీగలు నొక్కడానికి వాడుకున్నాడు.

1934లో పారిస్‌లో ఐదుగురి జట్టు కట్టారు. మూడు గిటార్లు, స్టెఫాన్ గ్రాపెల్లి వయొలిన్, ఒక డబుల్ బేస్. డ్రమ్ము లేదు, బాకా లేదు. రెండు గిటార్లు తాళం కొడుతుంటే మూడోది పాట పాడుతుంది. ఆ కొట్టుడును ఫ్రెంచి వాళ్ళు ‘పంపు’ అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. యూరప్‌లో అప్పటిదాకా వెనక కూర్చున్న గిటారు ముందుకొచ్చి నిలబడింది.

జాజ్ ఎవరిది? అమెరికాలో బానిసల బిడ్డలు, మనవలు పుట్టించింది. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డులు విన్న జాంగో ఆ సంగీతాన్ని వదల్లేదు. అక్కడ రంగు పేరుతో వెలేసినవాళ్ళ పాట, ఇక్కడ పుట్టుక పేరుతో వెలేసినవాళ్ళ చేతిలో కొత్త గొంతు తెచ్చుకుంది. దీనికి ఏ పండితుడి అనుమతీ అవసరం రాలేదు.

మరి ఆ జనాన్ని దేశం ఎట్లా చూసింది? 1912లో ఫ్రాన్స్ ఒక చట్టం చేసింది. సంచార జనం ఫొటోలు, వేలిముద్రలు, ఒంటి కొలతలు ఉన్న పుస్తకం మోసుకు తిరగాలి. 1940లో వాళ్ళను కదలొద్దన్నారు, తర్వాత వేలమందిని క్యాంపుల్లో పెట్టారు. కొందరికి 1946 దాకా విడుదలే లేదు. నాజీలు యూరప్ అంతటా లక్షలాది రోమాలను చంపారు. 1944 ఆగస్టు 2 రాత్రి ఆష్విట్జ్‌లో రోమాల శిబిరాన్నే గ్యాస్ గదులకు పంపి ఖాళీ చేశారు. అదే కాలంలో పారిస్ హాళ్ళలో జాంగో పాటకు చప్పట్లు! 1943లో ఆయన కూడా స్విట్జర్లాండ్‌కు పారిపోవాలని చూసి దాటలేకపోయాడు. బతికి బయటపడ్డాడు. పేరులేని వాళ్ళ సంగతి?

1953లో, 43 ఏళ్ళకే జాంగో పోయాడు. పాట పోలేదు. ఇంగ్లండులో టోనీ అయోమీ అనే కుర్రాడికి ఫ్యాక్టరీ మిషన్‌లో రెండు వేళ్ళ కొసలు తెగాయి. జాంగో రికార్డు విని మళ్ళీ గిటారు పట్టాడు. బ్లాక్ సబ్బత్ బృందం గిటారు ఆయనదే. మనూష్ పిల్లలు ఇప్పటికీ పెద్దల వేళ్ళు చూసి, విని నేర్చుకుంటున్నారు.

‘ఆయనొక్కడు అద్భుతం’ అనేవాళ్ళతోనే మా పేచీ. ఒక్కణ్ణి మెచ్చుకుని అతని జనాన్ని తరమడం పాత విద్యే. 1912 చట్టం పోయి 1969లో ఇంకోటి వచ్చింది. సంచార జనానికి ప్రత్యేక కాగితాల బాధ పూర్తిగా తప్పింది 2017లోనే. రోమాల భాష మూలాలు మన దేశంలోనే ఉన్నాయని భాషా పండితులు తేల్చారు. నీళ్ళను వాళ్ళు ఇప్పటికీ ‘పానీ’ అనే అంటారు.

జాంగో పాట వినండి. నలుగురికీ వినిపించండి. విన్నాక అడగండి: ఈ పాట పుట్టిన బండిని ఊరి బయట నిలబెట్టింది ఎవరు?