అద్దమంటే మందమేనా?

తెలుగువాడికి ముఖం చూసుకొనేదీ అద్దమే, కిటికీకి బిగించేదీ అద్దమే, టీపాయి మీద పరచేదీ అద్దమే. సంస్కృతం ముఖం చూసుకొనేదానికి దర్పణమనీ, ముకురమనీ వేరే పేర్లు పెట్టుకొన్నది. మనం ఒక్క మాటతో సరిపెట్టుకొన్నాం. భాషలో ఇది లోపమని నేననను. సందర్భం చూసి అర్థం గ్రహించే తెలివి మనకున్నది. కాని ఆ ఒక్క మాటతోనే అద్దాల కొట్టుకు పోయి, "నాలుగడుగులకు మూడడుగులు, అయిదు ఎం.ఎం., ఎంతవుతుంది?" అని అడగడం మాత్రం ముమ్మాటికీ లోపమే. ఆ అద్దం ఎక్కడ బిగిస్తారని కొట్టువాడు అడగడు, కొనేవాడు చెప్పడు. నా పేచీ అంతా ఇక్కడే.

గాజును ఎన్నుకోవలసినది మందాన్ని బట్టి మాత్రమే కాదు, అది పగిలే తీరును బట్టి. పగలని గాజు లోకంలో లేదు. సాదా గాజు పగిలితే బారెడేసి కత్తులవుతుంది. టఫెన్డ్ గాజును 600 డిగ్రీల సెంటీగ్రేడు పైచిలుకు వేడిచేసి, చప్పున గాలితో చల్లారుస్తారు. అందువల్ల పైపొర నొక్కుకొని, లోపలి భాగం లాగబడి, ఆ బిగువులో నాలుగయిదు రెట్ల బలం వస్తుంది. పగిలినా పటికబెల్లం పలుకుల వలె చిన్న చిన్న ముక్కలవుతుంది. లామినేటెడ్ గాజు మూడో రకం: రెండు పలకల నడుమ పలుచని ప్లాస్టిక్ పొర. పగిలినా ముక్కలు ఆ పొరకే అంటుకొని ఉంటాయి. కారు ముందు అద్దం ఇదే.

"మందం ఎక్కువైతే క్షేమమే కదా" అనేవారు లెక్క చూడాలి. చదరపు మీటరుకు, ఒక్కొక్క మిల్లీమీటరు మందానికి, గాజు బరువు రెండున్నర కిలోలు. మీటరు వెడల్పు, మీటరున్నర పొడవు, 12 మిల్లీమీటర్ల మందం గల భోజనాల బల్ల మీది పలక 45 కిలోలు తూగుతుంది. అది సాదా గాజైతే, మందం వల్ల అంత సులువుగా పగలకపోవచ్చు; పగిలిననాడు మాత్రం ముక్కలు మరింత బరువైన కత్తులు.

నేను పనిచేసిన ఒక పాఠశాలలో పుస్తకాల బీరువా తలుపుకు సాదా అద్దం ఉండేది. ఆటల గంటలో పరుగెత్తుకొచ్చిన ఏడో తరగతి పిల్లవాడు నిలదొక్కుకోబోయి దాని మీద చెయ్యి వేశాడు. మణికట్టుకు తొమ్మిది కుట్లు పడ్డాయి. వారం తిరగకుండా అదే తలుపుకు అదే సాదా అద్దం మళ్ళీ బిగించారు. అడిగితే, "పాత కొలతే కదా మాస్టారూ" అన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమైనా ఒక తెలివే. మనవాళ్ళు ఆ ఆకులూ పట్టుకోలేదు. అద్దం పగలడం ప్రమాదం. పగిలినచోట మళ్ళీ దానినే పెట్టడం ప్రమాదం కాదు, నిర్ణయం.

కొట్టువాళ్ళు టఫెన్డ్ మాట ఎందుకెత్తరో కూడా చెప్పుకోవాలి. సాదా గాజును బల్ల మీద పరచి, కట్టరుతో గీసి, అరగంటలో చేతికివ్వవచ్చు. టఫెన్డ్ గాజును తయారైన తరువాత కోయరాదు, రంధ్రం వేయరాదు. కొలత ముందే సరిగా తీసి, అంచులు నునుపు చేసి, రంధ్రాలు వేసి, ఆపైన కొలిమికి పంపాలి. కొన్ని రోజులు పడుతుంది, ధరా ఎక్కువే. కాని గచ్చుకు గ్రానైటు, గోడలకు ఖరీదైన రంగులు వేయించినవారు స్నానాలగది అద్దం దగ్గర పొదుపు నేర్చుకోవడం నాకు మింగుడు పడదు. తడికాలు జారేది అక్కడే కదా!

"టఫెన్డ్ గాజు దానంతటదే పగులుతుందట" అనే ఆక్షేపణ ఒకటున్నది. నిజమే. తయారీలో చేరిన నికెల్ సల్ఫైడ్ నలుసుల వల్ల అరుదుగా అలా జరుగుతుంది. అందుకే తలపైన వచ్చే పోర్టికో కప్పుకు, మేడమీది రెయిలింగుకు లామినేటెడ్ కోరాలి. అంతేగాని ఆ వంకతో తలుపుకు సాదా గాజు బిగించడం తర్కం కాదు.

అన్నిచోట్లా ఖరీదైనదే వేయమని నేననడం లేదు. పటం కట్టించడానికి, చేతికందని చిన్న కిటికీ రెక్కకు సాదా గాజు చాలు. తలుపులకు, మోకాటి ఎత్తు కిటికీలకు, స్నానాలగది అడ్డుగోడలకు, బల్లలకు అది పనికిరాదు. అమెరికాలో 1977 నుంచే తలుపుల గాజు విషయంలో ఇది చట్టం. మనకూ ఐ.ఎస్. 2553 అనే ప్రమాణమున్నది. పలక మూలన చెరగని ముద్ర ఉన్నదో లేదో చూడండి. లేకపోతే కొట్టువాడి నోటిమాట నమ్మకండి.

ఇక ముఖం చూసుకొనే అద్దం. దాని వెనుక వెండిపూత, దానిపై రంగుపొర ఉంటాయి. పులిసిన వాసన వేసే సిలికానుతో గోడకు అంటిస్తే ఆ ఆమ్లం పూతను తినేస్తుంది, నల్లమచ్చలు పడతాయి. న్యూట్రల్ రకం సిలికాను అడగండి. బీరువా తలుపుకు నిలువుటద్దం మార్పిస్తుంటే వెనుక భద్రతా ఫిల్ము అంటించమనండి. పగిలినా ముక్కలు రాలవు.

చదువరులకు నా మనవి ఒక్కటే. ఈసారి ఇంట్లో అద్దం పగిలితే, పాత కొలత కాగితం జేబులో పెట్టుకొని పోయేముందు ఆ ఇంట్లో పరుగెత్తే పసివాణ్ణీ, గోడ పట్టుకొని నడిచే పెద్దవాళ్ళనూ ఒకసారి తలచుకోండి. కొట్టులో మొదట అడగవలసినది "ఎంత?" అని కాదు, "పగిలితే ఎలా పగులుతుంది?" అని.