ఓటు వేసే ముందు ఒక తల్లి అడిగిన ప్రశ్న



2024 మే 13, సోమవారం పోలింగు. మన గూడూరులో ఉదయం నుంచి రాత్రి వరకు ఆటోల మీద మైకులు మోగుతూనే ఉన్నాయి. పింఛను ఎంత పెంచుతారు, ఉద్యోగాలు ఎప్పుడిస్తారు, రోడ్లు ఎవరు వేస్తారు అన్న మాటలే అందరి నోటా వినిపిస్తున్నాయి. ఇవన్నీ అడగవలసిన ప్రశ్నలే. అయితే ఈ వారం మా దగ్గరికి మైకులో వినపడని ప్రశ్న ఒకటి వచ్చింది. దాని గురించి రాయాలా వద్దా అని మేము మూడు రోజులు ప్రార్థించాం. రాయకపోతే తప్పవుతుందని అనిపించి రాస్తున్నాం.

పోయిన ఆదివారం ఆరాధన ముగిసి, అందరూ వెళ్లిపోయాక ఒక తల్లి ఆగింది. ఆమె ఎవరో గుర్తుపట్టే వివరం ఏదీ ఇక్కడ రాయము. స్త్రీల ప్రార్థన గ్రూపులో వచ్చిన ఒక వాట్సాప్ మెసేజి చూపించింది. ఫలానా పార్టీ గెలిస్తే మగవాడికి మగవాడితో చర్చిలోనే పెళ్లి చేయాలట, చేయని పాస్టరును జైల్లో పెడతారట, కాబట్టి క్రైస్తవులంతా మేలుకోవాలట. అది చూపించి ఆమె పాస్టర్ల గురించి అడగలేదు. "అయ్యగారూ, మరి ఈ పార్టీ గెలవకపోతే నా బిడ్డని ఏం చేస్తారు?" అని అడిగింది. ఆ మాట అని చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె కొడుకు మన సంఘంలో పెరిగిన పిల్లవాడే. మూడేళ్లుగా ఆరాధనకు రావడం లేదు. ఎందుకు రావడం లేదో మాకు అప్పుడు అర్థమైంది.

ముందు ఆ మెసేజి సంగతి చెప్పాలి. 2024 ఏప్రిల్ 5న కాంగ్రెస్ పార్టీ విడుదల చేసిన మేనిఫెస్టోలో ఒక వాగ్దానం ఉన్నమాట నిజం. విస్తృతంగా సంప్రదింపులు జరిపాక, స్వలింగ జంటల సివిల్ యూనియన్‌ను గుర్తించే చట్టం తెస్తామని అందులో ఉంది. సివిల్ యూనియన్ అంటే చర్చిలో జరిగే పెళ్లి కాదు. ఇద్దరు మనుషులు కలిసి బతుకుతున్నారని ప్రభుత్వం తన రిజిస్టరులో రాసుకోవడం. ఆస్పత్రిలో ఆపరేషనుకు సంతకం, బ్యాంకులో నామినీ, పింఛను, ఇన్సూరెన్సు, చనిపోయాక ఆస్తి, ఇలాంటి వాటికోసం. చర్చిలో పెళ్లి చేయాలని గాని, పాస్టర్లను జైల్లో పెడతామని గాని ఆ వాగ్దానంలో లేదు. మెసేజి ఆ ముక్కను కల్పించి చేర్చింది. ఎవరు చేర్చారో మాకు తెలియదు. దాన్ని ముందుకు పంపినవారు మాత్రం మన సంఘంలోని వారే. అబద్ధసాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞ కోర్టు బోనుకే గాని వాట్సాప్‌కు వర్తించదని నిర్గమకాండము 20వ అధ్యాయంలో ఎక్కడా లేదు.

ఈ విషయం ఎన్నికల్లోకి ఎలా వచ్చిందో కూడా కొంచెం తెలుసుకుందాం. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, మేజర్లయిన ఇద్దరు ఇష్టపూర్వకంగా పెట్టుకున్న ఇలాంటి సంబంధం నేరం కాదని తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత 2022 నవంబరులో మన పక్కనున్న హైదరాబాద్‌లో నివసించే సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ అనే ఇద్దరు, తమ పెళ్లిని 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద గుర్తించమని సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఇంకా ఎందరో వారితో చేరారు. 2023 అక్టోబరు 17న ఐదుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. పెళ్లిని గుర్తించే చట్టం చేయడం కోర్టు పని కాదని, పార్లమెంటు పని అని ఐదుగురూ అన్నారు. సివిల్ యూనియన్ హక్కు విషయంలో మాత్రం విడిపోయారు. ఇద్దరు ఉందన్నారు, ముగ్గురు లేదన్నారు. కోర్టులో పెళ్లిని వ్యతిరేకించిన కేంద్ర ప్రభుత్వమే, ఆ తీర్పు ప్రకారం 2024 ఏప్రిల్ 16న, ఈ జంటల ఇబ్బందులు చూడటానికి కేబినెట్ సెక్రటరీ అధ్యక్షతన కమిటీ వేసింది. అంటే ఈ సమస్య ఒకటుందని అటువైపూ, ఇటువైపూ ఒప్పుకున్నట్టే. ఎంతవరకు ఇవ్వాలన్న దగ్గరే తేడా.

ఆ కేసులో మన రాష్ట్రం మాట కూడా ఉంది. కోర్టు వింటున్న రోజుల్లో, 2023 మే నెలలో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వివిధ మతాల పెద్దలను సంప్రదించామని, వారు వ్యతిరేకిస్తున్నారు కాబట్టి తామూ వ్యతిరేకమని చెప్పింది. మా దగ్గరికి ఎవరూ రాలేదు, పల్లెటూరి కాపరిని ఎవరడుగుతారు? వచ్చి అడిగి ఉంటే ఏమి చెప్పేవాళ్లమా అని ఈ వారమంతా ఆలోచించాం.

పెళ్లి గురించి మా బోధ మారలేదు. ఆదికాండము 2వ అధ్యాయంలో దేవుడు చేసింది, మత్తయి 19లో ప్రభువు మళ్లీ గుర్తుచేసింది ఒక పురుషుడు, ఒక స్త్రీ. మన సంఘంలో పెళ్లి అంటే అదే. ఏ పార్టీ వచ్చినా, పోయినా మేము ప్రభువు బల్ల ముందు నిలబెట్టి ప్రమాణం చేయించేది ఆ వాక్యం ప్రకారమే. ఇందులో ఎవరికీ సందేహం అక్కర్లేదు.

కాని ప్రియులారా, చర్చిలో మనం ఆశీర్వదించేది వేరు, ఆఫీసులో ప్రభుత్వం రాసుకునేది వేరు. ఈ తేడా మనకు కొత్తది కాదు. మన పిల్లల్లో ఎందరు అన్యులను ప్రేమించి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ముప్పై రోజుల నోటీసు పెట్టుకుని పెళ్లి చేసుకోలేదు? మేము ఆ పెళ్లిళ్లు చేయలేదు. చేయమని ఏ అధికారీ మమ్మల్ని బలవంతపెట్టలేదు. విడాకులు తీసుకున్నవారికి రెండో పెళ్లి చేయని పాస్టర్లు ఎందరో ఉన్నారు, వారి మీద ఎవరూ కేసు పెట్టలేదు. అలాగని ఆ ఆఫీసు మూసేయమని, ఆ చట్టం కొట్టేయమని మనలో ఎవరమైనా ధర్నా చేశామా? లేదు. ఆ పిల్లలకు బిడ్డ పుడితే మనమే వెళ్లి ప్రార్థన చేసి వచ్చాం.

ఇప్పుడు మన సంగతి మాట్లాడుకుందాం. ఇది కొంచెం నొప్పి పుట్టించే సంగతి. మన గూడూరు అసెంబ్లీ స్థానం ఎస్సీ రిజర్వుడు, తిరుపతి పార్లమెంటు స్థానమూ అంతే. మన సంఘంలో సగానికి పైగా కుటుంబాలు ఏ పల్లెల నుంచి వచ్చాయో మనకు తెలుసు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో ఎస్సీ హోదా హిందువులకే అన్నారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను ఈ రోజు వరకు చేర్చలేదు, మనం బీసీ-సి. అందుకని మన ఇళ్లలో ఎన్ని సర్టిఫికెట్లలో ఒక పేరు, సంఘం రిజిస్టరులో ఇంకో పేరు ఉన్నాయో ఎవరూ పైకి చెప్పరు. బాప్తిస్మం తీసుకున్న పిల్లవాడు ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు మెడలో సిలువ తీసి జేబులో పెట్టుకోవడం మేము కళ్లారా చూశాం. ఉన్నది ఉన్నట్టు చెప్పుకుంటే హక్కు పోతుందన్న భయం ఎలా ఉంటుందో మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

2023 మార్చి 24న మన అసెంబ్లీ, దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. ఆ రోజు మనం దేవునికి స్తోత్రం చెప్పాం. ఒక మనిషి హక్కును అతని మతం చూసి కొలవకూడదన్నది కదా ఆ రోజు మన వాదన! రెండు నెలలు తిరగకుండానే అదే రాష్ట్రం, మతపెద్దలు వద్దన్నారు కాబట్టి ఇంకొకరికి వద్దని కోర్టులో చెబితే, మనలో చాలామందిమి దానికీ స్తోత్రం చెప్పాం. మేమూ చెప్పాం. ఈ రెండు స్తోత్రాలు ఒకే నోట ఎలా వచ్చాయో ఈ వారమే మాకు తట్టింది.

ఈ దేశంలో మనం కొద్దిమందిమి. ఎక్కువమంది నమ్మకమే అందరికీ చట్టం కావాలంటే, ముందుగా దెబ్బ తగిలేది మనకే. కొన్ని రాష్ట్రాల్లో మతమార్పిడి చట్టాల పేరుతో ప్రార్థన కూడికలు ఆపుతున్నారని విన్నప్పుడు, నా విశ్వాసం నా ఇష్టం, ప్రభుత్వానికి ఏమి పని అని మనం అడుగుతాం. సరైన ప్రశ్నే. దాన్ని ఇంకొకరు అడిగినప్పుడు మనం చెవులు మూసుకుంటే, రేపు మన ప్రశ్న ఎవరు వింటారు? కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయం చివర చూడండి. సంఘంలోని పాపం విషయంలో అంత కఠినంగా మాట్లాడిన పౌలే, సంఘం బయట ఉన్నవారికి తీర్పు తీర్చే పని తనది కాదని, దాన్ని దేవుడే చూసుకుంటాడని వదిలేశాడు.

కొందరు సొదొమ మాట ఎత్తుతారు. ఎత్తండి, కాని యెహెజ్కేలు 16:49 కూడా తెరవండి. సొదొమ దోషాల్లో ప్రవక్త అక్కడ లెక్కపెట్టినవి గర్వం, కడుపు నిండిన నిశ్చింత, బీదలకు చెయ్యి అందించకపోవడం. కోట, వాకాడు వైపు రొయ్యల గుంటల మీద కూలి బాకీ పెట్టి రెండో నెల తిప్పించుకునేవాడు, ఆదివారం ముందు వరసలో కూర్చుని సొదొమ గురించి ప్రసంగించమంటే మేము ఏమి చెప్పాలి?

ఇక మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మూడేళ్ల క్రితం యవ్వనస్థుల కూడికలో, అందరినీ నవ్వించాలని, నడక, మాట ఆడపిల్లలా ఉండే మగపిల్లల గురించి మేము ఒక జోకు వేశాం. అందరూ నవ్వారు. కీబోర్డు దగ్గర కూర్చున్న ఒక పిల్లవాడు మాత్రం తల దించుకున్నాడు. ఆ తర్వాతి ఆదివారం నుంచి అతను రాలేదు. ఉద్యోగం దొరికి వెళ్లాడని మేము సరిపెట్టుకున్నాం. ఆ పిల్లవాడి తల్లే పోయిన ఆదివారం ఫోను పట్టుకుని నిలబడింది. తొంభైతొమ్మిది గొర్రెలను విడిచి తప్పిపోయిన దానికోసం వెళ్లిన కాపరి గురించి ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్కలేదు. ఇక్కడ ఆ గొర్రె తనంతట తాను తప్పిపోలేదు. కాపరే తరిమాడు.

ఆమెకు మేము చెప్పిన జవాబు ఇది. "అమ్మా, ఎవరు గెలిచినా నీ బిడ్డ నేరస్థుడు కాదు. సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. 2024 జులై 1 నుంచి వచ్చే కొత్త న్యాయ సంహితలో ఆ పాత 377 సెక్షనే లేదు. చర్చిలో అతనికి పెళ్లి చేయమని మమ్మల్ని ఎవరూ అడగడం లేదు. అడిగినా మా జవాబు వాక్యం ప్రకారమే ఉంటుంది. కాని అతను ఈ గుమ్మం తొక్కడానికి ఏ చట్టమూ అక్కర్లేదు. తప్పు మాది, క్షమించమని చెప్పు. నంబరు ఇస్తే మేమే ఫోను చేస్తాం." ఆమె నంబరు ఇచ్చింది. రెండుసార్లు చేశాం, ఎత్తలేదు. మళ్లీ చేస్తాం.

ఎవరికి ఓటు వేయాలో చెప్పండి అయ్యగారూ అని కొందరు అడుగుతున్నారు. మేము చెప్పము. మతం పేరుతో ఓటు అడగడం 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం కింద తప్పు, ప్రార్థనా స్థలాన్ని ప్రచారానికి వాడకూడదని ఎన్నికల నియమావళిలోనూ ఉంది. దానికంటే ముందు, ప్రసంగ వేదిక ప్రభువుది, పార్టీది కాదు. సివిల్ యూనియన్ మంచిదని మీకు అనిపించవచ్చు, కాదని అనిపించవచ్చు. రెండు రకాల వారూ మన సంఘంలో ఉండవచ్చు, ఒకే రొట్టె విరుచుకోవచ్చు. కాదనుకునేవారు కాదనే ఓటు వేయండి, అది మీ హక్కు. కాని పాస్టరును జైల్లో పెడతారన్న అబద్ధానికి భయపడి వేయకండి. మీ పక్క బెంచీలో కూర్చున్న తల్లి గుండె మీద కాలు పెట్టి వేయకండి. మన ఊరి కూలి, మన ఊరి నీళ్లు, మన పిల్లల చదువు, బీదవాడికి జరిగే న్యాయం, ఇవన్నీ కూడా వాక్యంలో ఉన్నవే. వాటినీ తక్కెడలో వేసి చూడండి.

ఆ మెసేజిని పంపినవారు, ఎవరికి పంపారో వారికే ఈ రాత్రి ఇంకో మెసేజి పెట్టండి, అది నిజం కాదని. సిగ్గుగా ఉంటుంది. మాకూ ఈ ఉత్తరం రాయడం సిగ్గుగానే ఉంది.

అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఐతియొపీయుడైన నపుంసకుడు రథంలో కూర్చుని లేఖనం చదువుకుంటుంటే, ఆత్మ ఫిలిప్పును ఆ రథం దగ్గరికి వెళ్లి కలుసుకోమన్నాడు. ఫిలిప్పు పరుగెత్తుకుంటూ వెళ్లాడు, ఎక్కి పక్కన కూర్చున్నాడు, ఆ తర్వాతే బోధించాడు. ఈ వారం కుటుంబ ప్రార్థనల్లో ఆ అధ్యాయం చదవమని కోరుతున్నాం. మన ఇళ్లలో ఫోను ఎత్తని బిడ్డ ఎవరైనా ఉంటే, పేరు పెట్టి ప్రార్థించండి. ఆదివారం ఆ తల్లి పక్కన ఎవరైనా కూర్చోండి. ఆమె ఎవరని అడగకండి. ఏ తల్లి పక్కన కూర్చున్నా ఫర్వాలేదు.

ప్రభువు కృప మీ అందరికీ తోడైయుండును గాక. ఆమేన్.