మరుగుదొడ్డికీ వాయిదాలేనా?

2018 జనవరిలో హర్యానాలోని గుర్గావ్ జిల్లా ఫాజిల్‌పూర్ బాద్లీ గ్రామంలో, గోధుమ పొలంలో ఆకాశం నుంచి పెద్ద మంచుగడ్డ పడింది. ఏదో వేరే లోకం నుంచి వచ్చిన వింత వస్తువని భావించి, గ్రామస్థులు కొందరు ముక్కలు ఇంటికి తీసుకుపోయి ఫ్రిజ్‌లో దాచుకున్నారు. అధికారులు వచ్చి, అది విమానం మరుగుదొడ్డి నుంచి కారి గడ్డకట్టిన మురుగు కావచ్చునని చెప్పవలసి వచ్చింది. నవ్వు తెప్పించే ఉదంతమే గాని, నవ్వి ఊరుకోదగినది కాదు.

విమానంలోని మురుగును గాలిలో వదిలిపెట్టరు. అది ట్యాంకులో నిలవ ఉంటుంది. విమానం దిగాక ట్యాంకరు బండి వచ్చి, గొట్టం తగిలించి తోడుకుపోతుంది. గొట్టం తగిలించేచోట మూత సరిగా బిగియకపోయినా, రబ్బరు వాషరు అరిగినా మురుగు బయటికి కారుతుంది. పైన ఉండే చలికి గడ్డకట్టి, ఊడి పడుతుంది. అమెరికాలో 1985 ఏప్రిల్‌లో న్యూ మెక్సికో రాష్ట్రం మీద ఒక బోయింగ్ 727, 1990 జనవరిలో ఫ్లోరిడా మీద మరో బోయింగ్ 727 ప్రయాణంలో ఉండగానే కుడివైపు ఇంజన్ ఊడి పోగొట్టుకున్నాయి. మరుగుదొడ్డి నుంచి కారి పేరుకున్న మంచుగడ్డ ఇంజన్‌లోకి పోవడమే కారణం. రెండు విమానాలూ క్షేమంగా దిగడం ప్రయాణికుల అదృష్టం. మరుగుదొడ్డి లోపం కేవలం ముక్కు మూసుకుంటే సరిపోయే అసౌకర్యం కాదని చెప్పడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

అయినా విమాన సిబ్బందికీ, మరమ్మతు విభాగానికీ మధ్య ఈ విషయమై తగాదా ఏళ్ల తరబడి తెగకుండానే ఉంది. దాని స్వరూపం పల్లె ప్రజలకు కొత్తది కాదు. ఆర్టీసీ డ్రైవరు డిపోలో బండి అప్పగిస్తూ లోపం రాసి ఇస్తాడు. మర్నాడు అదే బండి, అదే లోపంతో, వేరే డ్రైవరు చేతికి వస్తుంది. విమానంలోనూ అంతే. కుళాయిలో నీరు రావడం లేదనో, మరుగుదొడ్డి పొంగుతున్నదనో ఎయిర్ హోస్టెస్ చెబితే క్యాబిన్ పుస్తకంలో రాస్తారు. ఇంజనీరు వచ్చి చూసి, విడిభాగం లేకపోతేనో, సమయం చాలకపోతేనో, ఆ మరుగుదొడ్డికి తాళం వేసి "పనిచేయదు" అని చీటీ అంటించి, మరమ్మతును వాయిదా వేస్తాడు. ఇది చట్ట విరుద్ధం కాదు. ఏ లోపంతో విమానం ఎగరవచ్చునో, ఎన్నాళ్లలోగా బాగుచేయాలో చెప్పే జాబితా ఒకటి ప్రతి విమానానికీ ఉంటుంది. లోపం తరగతినిబట్టి 3 రోజులు, 10 రోజులు, 120 రోజులు అని గడువులు ఉన్నాయి.

చిక్కు ఇక్కడే. వాయిదా వేసిన ఇంజనీరు నేల మీదే ఉండిపోతాడు. పుస్తకంలో రాసిన సిబ్బంది వేరే విమానం ఎక్కుతారు. ఆ విమానంలో తర్వాత ఎక్కిన వారికి దుర్వాసన, ప్రయాణికుల తిట్లు మిగులుతాయి. నీళ్లు రాని కుళాయి దగ్గర చేతులు కడుక్కోవలసిన ఆ ఆడపిల్లే భోజనం పళ్లేలు కూడా అందించాలి.

2025లోనే రెండు ఉదంతాలు జరిగాయి. మార్చి 5న చికాగో నుంచి ఢిల్లీకి బయలుదేరిన ఎయిర్ ఇండియా విమానంలో 12 మరుగుదొడ్లకు 8 పనికిరాకుండా పోయాయి. విమానం వెనుదిరిగి చికాగోలోనే దిగింది. ప్లాస్టిక్ సంచులు, గుడ్డ పీలికలు, బట్టలు గొట్టాల్లో ఇరుక్కున్నాయని సంస్థ ప్రకటించింది. ఆగస్టులో బాలీ నుంచి బ్రిస్బేన్ వెళ్లిన వర్జిన్ ఆస్ట్రేలియా విమానం సంగతి మరీ దారుణం. బయలుదేరకముందే ఒక మరుగుదొడ్డి పనిచేయడం లేదు. దారిలో మిగతావీ మొరాయించాయి. ప్రయాణికులు సీసాలు వాడుకోవలసిన దుస్థితి ఏర్పడింది.

తిలా పాపం తలా పిడికెడు. కనబడినదల్లా మరుగుదొడ్డిలో పారవేసే ప్రయాణికులకూ ఇందులో వాటా ఉంది. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కు మొదటిసారి విమానమెక్కే వారికీ, అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దలకూ ఆ దొడ్డిలో నీటికి బదులు గాలి లాగుతుందని, డైపరు వేస్తే గొట్టం పూడుకుపోతుందని ఎవరు చెప్పారు? వేలకు వేలు తీసుకునే ఏజెంట్లు చెప్పరు. తలుపు మీద ఇంగ్లీషులో రాసి ఉంటుంది, అంతే.

ఇంజనీరునే ముద్దాయిని చేయడమూ న్యాయం కాదు. దిగిన విమానం మళ్లీ లేచేదాకా అతనికి దొరికేది కొన్ని నిమిషాలే. తప్పుగా సంతకం పెడితే లైసెన్సు పోయేది అతనిదే. ఆలస్యమైతే సంజాయిషీ అడిగేదీ అతన్నే. అతనికన్నా కింద శుభ్రం చేసే కూలీలున్నారు. 2014 అక్టోబరులో, ఎబోలా భయం నడుస్తుండగా, న్యూయార్క్ లాగార్డియా విమానాశ్రయంలో సుమారు 200 మంది పారిశుధ్య కార్మికులు పని మానివేశారు. వాంతులు, మలం ఎత్తే తమకు తగిన రక్షణ లేదన్నదే వారి ఫిర్యాదు. సమయం కుదించేది, విడిభాగాలు కొనకుండా పొదుపు చేసేది యాజమాన్యాలు. తగవు పడేది మాత్రం కింది ఉద్యోగులు.

నిబంధన పెడితే మార్పు రాదనుకోవడం పొరపాటు. అమెరికాలో 2004లో 327 విమానాల తాగునీరు పరీక్షించగా దాదాపు నూటికి 15 విమానాల నీటిలో కోలిఫామ్ క్రిములు కనిపించాయి. 2009లో విమానాల తాగునీటికే ప్రత్యేక నిబంధన చేసి, నమూనాల పరీక్షను, ట్యాంకుల శుద్ధిని తప్పనిసరి చేశారు. రక్తం ద్వారా సోకే రోగాల నుంచి కార్మికులను కాపాడే నిబంధన అక్కడి క్యాబిన్ సిబ్బందికి వర్తించినది 2013లో. అదీ వారి సంఘాలు ఏళ్ల తరబడి అడగగా.

ఇక్కడ పౌర విమానయాన అధికారులు చేయవలసినది పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. ఒకసారి వాయిదా పడిన మరుగుదొడ్డి లోపాన్ని రెండోసారి వాయిదా వేయనీయకూడదు. ఎన్ని గంటల ప్రయాణానికి, ఎంతమందికి, ఎన్ని మరుగుదొడ్లు పనిచేస్తేనే విమానం లేవాలో అంకె నిర్ణయించి ప్రకటించాలి. అంతకు తక్కువైతే బయలుదేరనన్న కెప్టెన్‌కూ, లోపం రాసిన ఎయిర్ హోస్టెస్‌కూ సంజాయిషీ నోటీసు ఇచ్చే అధికారం సంస్థకు ఉండరాదు. షంషాబాద్ నుంచి దుబాయ్, కువైట్‌లకు పోయే విమానాల్లో మరుగుదొడ్డి తలుపు మీద తెలుగులో రెండు మాటలు రాయించాలి.