ఒక్కరికే మాలిమి అయిన చిలుక

"మా చిలుక నా చేతి మీదికి తప్ప ఇంకెవరి చేతి మీదికీ రాదు సార్! అమ్మ దగ్గరకు పోయినా ముక్కుతో పొడుస్తుంది" అని గొప్పగా చెప్పుకునే విద్యార్థులు ప్రతి సంవత్సరమూ ఒకరిద్దరైనా కనిపిస్తారు. వినడానికి ముచ్చటగానే ఉంటుంది. కాని పిల్లలూ, అది మన గొప్ప కాదు, ఆ పక్షికి వచ్చిన కష్టం అని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

రామచిలుక గుంపుగా బ్రతికే పక్షి. పొద్దుగూకే వేళ పొలాల మీదుగా అరుచుకుంటూ చెట్లకు చేరే చిలుకలను మీరు చూసే ఉంటారు. ఆ అరుపులు ఉత్త గోల కాదు. "నేనిక్కడున్నాను, నువ్వెక్కడ?" అని ఒకదాన్నొకటి పలకరించుకోవడం. డేగ వస్తే గుంపులో ఏదో ఒకదాని కంట పడుతుంది. ఒంటరి పక్షికి ఆ రక్షణ లేదు. తొర్రలో నుంచి తీసి పంజరంలో పెట్టిన పిల్లకు మేత పెట్టే మనిషే తల్లి, గుంపు, పెద్దయ్యాక జత కూడా! ఆ మనిషి కనుమరుగైతే అరిచి గీపెడుతుంది. మరొకరు దగ్గరకు వస్తే తన జతను కాపాడుకుంటున్నట్టు పొడుస్తుంది.

ఆస్ట్రియా దేశపు శాస్త్రజ్ఞుడు కోన్రాడ్ లోరెంజ్ పెద్దబాతుల పిల్లలను పరిశీలించాడు. గుడ్డు నుంచి బయటపడిన కొద్ది గంటలలో తమ ముందు కదిలిన దానినే అవి తల్లిగా భావించి వెంటపడతాయి. ఆయన వెంట కూడా అలాగే నడిచాయి. జంతువుల ప్రవర్తనపై చేసిన కృషికి ఆయనకు 1973లో మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి లభించింది. చిలుక పిల్ల కళ్ళు మూసుకుని పుడుతుంది కనుక దానికి ఈ అలవాటు నెమ్మదిగా పడుతుంది. అయితే పడిన తరువాత పోవడం కష్టం.

ఎంత కష్టమో అమెరికాలోని టెక్స్ అనే కొంగ కథ చెబుతుంది. చాలా కొద్ది సంఖ్యలో మిగిలిన జాతి అది. మనుషుల చేతుల్లో పెరగడంతో సాటి కొంగలను జతగా ఒప్పుకోలేదు. 1976 నుంచి జార్జి ఆర్చిబాల్డ్ అనే శాస్త్రజ్ఞుడు దాని ముందు కొంగలాగా గంతులు వేసి నాట్యం చేయవలసి వచ్చింది! చివరకు 1982లో కృత్రిమ పద్ధతిలో దానికి ఒక పిల్ల కలిగింది.

మన కరువు సీమలో ఈ సంగతికి మరో ముఖం ఉంది. వానలు తప్పి వేరుశనగ ఎండిపోతే ఇంటిల్లిపాదీ బెంగళూరుకు కూలికి పోవడం మనకు తెలిసినదే. చిలుకకు మాలిమి అయిన పిల్లవాడు వెళ్ళిపోతే అవ్వ దగ్గర మిగిలిన ఆ పక్షి గతి ఏమిటి? ఇటువంటి పక్షులు మేత మానుకుంటాయి, తమ ఈకలు తామే పీక్కుంటాయి. పంజరంలో ఇరవై ఏళ్ళకు పైగా బ్రతకగల జీవి అది. అన్నేళ్ళూ ఒక్కరే ఇంట్లో ఉంటారా?

కనుక ఇంట్లో పక్షి ఉన్నవారు దానిని అందరికీ అలవాటు చేయాలి. పంజరాన్ని మూల గదిలో కాక నలుగురూ తిరిగే చోట ఉంచండి. దానికి ఇష్టమైన జామముక్కను మాలిమి అయిన వారు కాక, మిగతావారే పెట్టాలి. మొదట దూరం నుంచి, రోజుకు కొద్ది నిమిషాలు మాత్రమే. అది వెనక్కు జరిగితే మీరూ ఆగండి. పొడిచిందని కొట్టవద్దు, కసరవద్దు. మాలిమి అయినవారు మెల్లమెల్లగా వెనక్కు తగ్గాలి. వీపు నిమరడం మానాలి. పక్షి దానిని జతకట్టే పిలుపుగా తీసుకుంటుంది. వారాలు పట్టినా ఓపిక పట్టాలి.

ఇదంతా అంగళ్ళలో "లవ్ బర్డ్స్" పేరుతో అమ్మే విదేశీ పక్షుల మాట. మన రామచిలుకను పట్టడం, అమ్మడం, పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. 2018లో దానిని ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షిగా కూడా ప్రకటించారు. ఇంట్లో ఉంటే పెద్దల చేత అటవీశాఖ వారికి కబురు చేయించండి. ఊరికే తలుపు తీసి వదిలేయకండి. మేత వెతకడం, పిల్లి నుంచి తప్పించుకోవడం దానికి తెలియదు.

"ప్రేమగానే పెంచుతున్నాం కదా" అనవచ్చు. ప్రేమ నిజమే. కాని పక్షిని ప్రేమించడానికి పంజరం అక్కరలేదు. 2022 వరకు మన జిల్లాలోనే ఉండి, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న వీరాపురం చూడండి. సైబీరియా కొంగలని పిలుస్తారు గాని అవి మన దేశపు ఎర్రకాళ్ళ కొంగలే. ఇళ్ళ మధ్య చెట్ల మీద గూళ్ళు కట్టి పిల్లల్ని లేపుతాయి. ఊరివారు వాటి జోలికి పోరు, ఇతరుల్ని పోనివ్వరు. అక్కడ ఏ కొంగా ఏ ఒక్కరి సొంతమూ కాదు, ఊరందరికీ చుట్టమే. తొర్ర ఉన్న ముసలి చెట్టును నరకనివ్వకుండా చూడండి, ఎండాకాలం గోడ మీద మూకుడుతో నీళ్ళు పెట్టండి. మన ఊరి చిలుకలకూ మనం అటువంటి చుట్టాలమే అవుతాం.