చూస్తే చాలదు, కనబడాలి

మాది రెండు భాషల ఇల్లు. నేను స్కూటీ తాళం తీయగానే వంటింట్లోంచి అమ్మ "నోడ్కొండు హోగు" అంటుంది, హాల్లోంచి నాన్న "చూసుకుని వెళ్ళమ్మా" అంటారు. రెండింటికీ అర్థం ఒకటే. చిన్న విమానాలు నడిపేవాళ్ళకి కూడా మొదటి పాఠం ఇదేనట: ఎదుటివాణ్ణి చూడు, తప్పుకో.

ఈ సంగతి మా పెద్దమ్మ కొడుకు చెప్పాడు. అన్నయ్య వేరే ఊళ్ళో గ్లైడర్ నడపడం నేర్చుకుంటున్నాడు. మామూలు గ్లైడర్‌కి ఇంజిన్ ఉండదు. ఇంకో విమానంతోనో, కింద ఉన్న వించ్‌తోనో పైకి లాగి వదిలేస్తారు. ఆ తర్వాత ఎండకి వేడెక్కి లేచే గాలిని పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ పైకి వెళ్ళాలి. మధ్యాహ్నం మన కాలేజీ మీద గద్దలు రెక్క ఆడించకుండా తిరుగుతాయే, అచ్చం అలాగే. చిక్కు కూడా అక్కడే ఉంది. గాలి బాగా లేచే చోటికి గద్దలన్నీ చేరినట్టే గ్లైడర్లన్నీ చేరతాయి.

"చూసుకుంటారుగా?" అన్నాను. అన్నయ్య నవ్వాడు. ఎదురుగా వచ్చే గ్లైడర్ సన్నటి తెల్ల గీతలా ఉంటుందట. పైగా, రెండూ ఢీకొనే దారిలో ఉంటే అవతలిది అద్దంలో ఒకే చోట ఆగిపోయినట్టు కనిపిస్తుంది. కదిలేదాన్ని వెంటనే పట్టే కన్ను, కదలనిదాన్ని వదిలేస్తుంది. చెరో 150 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా వస్తే, మధ్యలో ఉన్న కిలోమీటరు 12 సెకన్లలో అయిపోతుంది.

అందుకే 2004లో స్విట్జర్లాండ్‌లో ఫ్లార్మ్ అనే చిన్న పెట్టె తయారైంది. తను ఎక్కడున్నదీ జీపీఎస్‌తో తెలుసుకుని, వచ్చే కొన్ని సెకన్లలో ఎటు వెళ్తుందో లెక్కగట్టి, రేడియోలో చుట్టుపక్కలకి చెబుతుంది. అవతలి పెట్టె చెప్పేది వింటుంది. రెండు దారులూ కలిసేలా ఉంటే లైటు వెలిగి కూత పెడుతుంది. పెద్ద విమానాల్లో ఉండే టీకాస్ ఇక్కడ కుదరదు. గ్లైడర్‌లో ఉండేది చిన్న బ్యాటరీ. అదీగాక, నాలుగు గ్లైడర్లు దగ్గర దగ్గరగా తిరిగే చోట టీకాస్ లాంటిది ఊరికే అరుస్తూనే ఉంటుంది.

ఇక నా అభిప్రాయం. ఈ పెట్టెకి ఇంకో పెట్టె మాటే వినబడుతుంది. పెట్టె లేని గ్లైడర్ దానికి లేనట్టే. కాబట్టి "కావాలంటే కొనుక్కోండి" అని వదిలేసే వస్తువు కాదిది. ఒకే మైదానం నుంచి ఎగిరే గ్లైడర్లు, మైక్రోలైట్లు, శిక్షణ విమానాలు అన్నింటిలోనూ ఉండాలి, అన్నీ ఒకదాని భాష ఒకటి అర్థం చేసుకోవాలి. మా ఇంట్లో అమ్మ భాష నాన్నకి రాకపోతే ఏమయ్యేదో నాకు తెలుసు!

ఖర్చెక్కువ అంటారు కొందరు. నిజమే, చిన్న క్లబ్బుకి భారమే. అందుకే ఆ ఖర్చు నేర్చుకునే పిల్లల మీద పడకుండా ప్రభుత్వం సాయం చేయాలంటాను. పెట్టె ఉంటే పైలట్ బయటికి చూడటం మానేస్తాడని ఇంకో మాట. అద్దాలున్నాయని మనం రోడ్డు చూడటం మానేశామా? అయినా ఇది కొట్టిపారేసే మాట కాదు. 2022 జనవరి 7న మన బెంగళూరు విమానాశ్రయం నుంచి దాదాపు ఒకేసారి లేచిన రెండు విమానాలు ఒకదానికొకటి బాగా దగ్గరైపోయాయి. రాడార్ ముందున్న కంట్రోలర్ గమనించి దారి మళ్ళించడంతో రెండింటిలోని 400 మందికి పైగా బయటపడ్డారు. యంత్రం ఎంతున్నా, చూసే మనిషి ఉండాల్సిందే.

కానీ మనిషి చూపు ఒక్కటే చాలనుకుంటే ఏమవుతుందో కూడా మనకి తెలుసు. 1996 నవంబర్ 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద రెండు పెద్ద విమానాలు ఢీకొని 349 మంది చనిపోయారు. మన దేశంలో పెద్ద విమానాలకి టీకాస్ లాంటి పరికరం తప్పనిసరి చేసింది ఆ తర్వాతే. చిన్న విమానాల విషయంలో కూడా ఎవరైనా పోయాకే రూల్ రావాలా? ఆ పోయేది ఎవరింటి అన్నయ్యో అయి ఉంటాడు కదా.

మొన్న నేను ఇండికేటర్ వేయకుండా మలుపు తిరిగాను. వెనక ఆటో ఆయన బ్రేక్ వేసి అన్నాడు: "నువ్వు చూశావమ్మా, సరే. నాకెట్లా తెలుస్తుంది?"

ఇంటికెళ్ళి నాన్నకి చెప్పాను. ఇప్పుడు "చూసుకుని వెళ్ళమ్మా" తర్వాత ఇంకో మాట కలుపుతున్నారు: "ఇండికేటర్ వెయ్యి."