వ్యాధి తగ్గింది.. లెక్క తేలలేదు

ఏలూరు: కరోనా భయం ఇంకా వీడని వేళ అంతుచిక్కని మరో రుగ్మత ఏలూరు నగరాన్ని కుదిపేసింది. 2020 డిసెంబరు 5న వన్‌టౌన్ ప్రాంతంలో మొదలై, కొద్ది రోజుల్లోనే బాధితుల సంఖ్య 600 దాటింది. మూర్ఛ, కళ్లు తిరగడం, వాంతులు, ఉన్నట్టుండి స్పృహ తప్పడం.. చాలామందిలో కనిపించిన లక్షణాలివే. 6వ తేదీన ఒకరు మృతి చెందారు. ఎక్కువమంది ఒకటి రెండు రోజుల్లోనే కోలుకుని ఇళ్లకు చేరారు. చికిత్స విషయంలో యంత్రాంగం గట్టెక్కింది. అయితే కారణం తెలియని వ్యాధి ఎదురైనప్పుడు సమాచారాన్ని ఎలా సేకరించాలి, ఎలా పోల్చాలి, ఎవరు బాధ్యత తీసుకుని నిర్ణయించాలి అన్న ప్రశ్నలకు ఆ పది రోజులు ఇప్పటికీ పాఠ్యాంశమే.

తొలి ఆధారం ఇంటింటి లెక్కే

రోగులకు చేసిన కరోనా పరీక్షల్లో వ్యాధి లేదని తేలింది. మామూలు రక్తపరీక్షలు, సీటీ స్కాన్‌లలోనూ కారణం దొరకలేదు. ఇలాంటి సమయంలో ప్రయోగశాల కంటే ముందు దారి చూపేది మూడు ప్రశ్నలు. ఎవరికి వచ్చింది? ఎక్కడ వచ్చింది? ఎప్పుడు వచ్చింది? వైద్య ఆరోగ్య సిబ్బంది ఇంటింటి సర్వే జరపడంతో కొన్ని సంగతులు వెలుగులోకి వచ్చాయి. పిల్లలు, పెద్దలు అన్న తేడా లేదు. చాలా ఇళ్లలో ఒక్కరే జబ్బుపడ్డారు. నగరపాలక సంస్థ నీరు వాడని వారిలోనూ బాధితులున్నారు. ఒకరి నుంచి మరొకరికి సోకే అంటువ్యాధి కాదన్న అంచనాకు, ఒక్క కుళాయి నీటినే దోషిగా నిలబెట్టలేమన్న జాగ్రత్తకు ఈ వివరాలే ఆధారం. ఖరీదైన యంత్రం ఏదీ లేకుండా, ఇంటి గడప వద్ద రాసుకున్న లెక్కతో సాధ్యమైన పని ఇది.

సీసమా.. పురుగుమందా?

రోగుల నమూనాల్లో సీసం, నికెల్ లోహాలు ఉన్నట్లు ఢిల్లీ ఎయిమ్స్ నిపుణులు గుర్తించారు. ఈ వార్త వెలువడగానే సీసమే కారణమన్న ప్రచారం సాగింది. డిసెంబరు 16న ముఖ్యమంత్రి నిర్వహించిన సమీక్షలో నిపుణులు మరో అభిప్రాయానికి వచ్చారు. పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమని, అవి శరీరంలోకి ఎలా చేరాయో తేల్చేందుకు దీర్ఘకాలిక అధ్యయనం అవసరమని తెలిపారు.

కొద్ది రోజుల్లోనే రెండు మాటలు వినిపించడంతో ప్రజల్లో అయోమయం నెలకొంది. నిజానికి రక్తంలో ఒక పదార్థం కనిపించినంత మాత్రాన అదే జబ్బుకు మూలమని చెప్పలేం. అదే వీధిలో ఆరోగ్యంగా ఉన్నవారి రక్తంలోనూ అది అంతే మోతాదులో ఉంటే, దాని మీద మోపిన నేరం నిలవదు. రోగుల నమూనాలతో పాటు రోగం రాని ఇరుగుపొరుగు వారి నమూనాలు కూడా తీసి పోల్చినప్పుడే నిజం బయటపడుతుంది.

వ్యవధి మరో చిక్కు. సీసం జాడ రక్తంలో వారాల తరబడి ఉంటుంది. ఆర్గానోఫాస్ఫేట్ తరగతికి చెందిన పురుగుమందుల జాడ మాత్రం కొద్ది రోజుల్లోనే చెరిగిపోతుంది. తొలి గంటల్లో రక్తం, నీరు, కూరగాయల నమూనాలు తీసి భద్రపరచకపోతే ఆ తర్వాత ఎంత పెద్ద ప్రయోగశాల అయినా చేయగలిగింది తక్కువే.

ఎవరి పరీక్ష వారిదే

ఎయిమ్స్, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, ఐఐసీటీ, సీసీఎంబీ, జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం, నీరి, ప్రపంచ ఆరోగ్య సంస్థ.. ఇలా పేరున్న సంస్థలెన్నో రంగంలోకి దిగాయి. ఒకరు రక్తం చూశారు, ఇంకొకరు నీరు చూశారు, మరొకరు ఆహారం చూశారు. వీటన్నింటినీ ఒక్కచోటికి చేర్చేందుకు ప్రభుత్వం ప్రధాన కార్యదర్శి నేతృత్వంలో కమిటీని నియమించింది. ఇది సరైన నిర్ణయమే. అయితే ఇలాంటి ఏర్పాటు జిల్లా స్థాయిలో తొలిరోజు నుంచే ఉండాలి. ప్రతి రోగికీ ఒక సంఖ్య కేటాయించి, అతని రక్తం, అతని ఇంటి నీరు, ఆ రోజు తిన్న కూరగాయల ఫలితాలన్నీ ఆ సంఖ్య కిందకే చేరాలి. లేకుంటే ఎన్ని నివేదికలొచ్చినా అవి విడివిడి కాగితాలుగానే మిగిలిపోతాయి.

జనవరిలో మళ్లీ అలజడి

ఏలూరులో కేసులు ఆగిపోవడంతో అంతా ఊపిరి పీల్చుకున్నారు. 2021 జనవరిలో భీమడోలు మండలం పూళ్లలో, ఆ వెంటనే దెందులూరు మండలం కొమిరేపల్లిలో అవే తరహా లక్షణాలతో జనం కుప్పకూలారు. రోజువారీ బులెటిన్ ఆగినంత మాత్రాన ముప్పు తొలగినట్లు కాదని ఈ రెండు గ్రామాలు రుజువు చేశాయి. నీరు, కూరగాయల నమూనాల పరీక్ష సంక్షోభ సమయానికే పరిమితం కాకుండా ఏడాది పొడవునా సాగాల్సిన అవసరం ఎంతైనా ఉంది.

గడిలో ఇమడని జబ్బు

దేశంలో సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం 2004లోనే మొదలైంది. కాగితాలపై వారానికోసారి పంపే వివరాల స్థానంలో ఎప్పటికప్పుడు కంప్యూటర్‌లో నమోదు చేసే సమీకృత ఆరోగ్య సమాచార వేదిక వచ్చింది. 2018 నవంబరులో తొలిగా చేపట్టిన ఏడు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి. 2021 ఏప్రిల్‌లో దీన్ని దేశమంతటా విస్తరించి, 33 వ్యాధులపై నిఘా పెట్టారు.

పేరున్న వ్యాధికి పట్టికలో గడి ఉంటుంది. పేరే తెలియని జబ్బు వచ్చినప్పుడు దాన్ని పట్టుకోవాల్సింది మనిషే. ఒకే వీధి నుంచి వరుసగా 108కు ఫోన్లు వస్తున్నాయని, మూర్ఛ రోగులు ఒక్కసారిగా పెరిగారని గమనించే ఏఎన్‌ఎం, డ్యూటీ డాక్టరే అక్కడ తొలి విశ్లేషకులు. వారు చెప్పిన మాటను ‘ఇంకా నిర్ధారణ కాలేదు’ అని పక్కన పెట్టకుండా అదే రోజు కదిలే అధికారి ఉన్నప్పుడే వ్యవస్థకు అర్థం. వైద్య, వ్యవసాయ, పురపాలక శాఖల లెక్కలు ఒకే బల్లపైకి రావాలి. ప్రైవేటు ఆస్పత్రుల కేసులూ అందులో కలవాలి.

తెలియదని చెప్పడమూ బాధ్యతే

కారణం తేలని వేళ నాయకత్వం వహించేవారు రోజూ మూడు విషయాలు చెప్పాలి. ఇప్పటివరకు తెలిసిందేమిటి, తెలియనిదేమిటి, తదుపరి ఫలితం ఎప్పుడు వస్తుంది. సగం తెలిసిన విషయాన్ని తుదితీర్పుగా ప్రకటించి మర్నాడు మార్చుకుంటే అసలు హెచ్చరిక వచ్చిన రోజున నమ్మేవారుండరు.

2022 ఏప్రిల్ 4న ఏలూరు ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. పూళ్ల, కొమిరేపల్లి కూడా ఈ జిల్లాలోనే ఉన్నాయి. అప్పటి రోగుల వివరాలు, నమూనాల ఫలితాలు, నిపుణుల నివేదికలు జిల్లా కేంద్రంలో ఒక్కచోట భద్రంగా ఉంటే, రేపు మరో వీధిలో మరో రుగ్మత తలెత్తినప్పుడు వైద్యులు మొదటినుంచి వెతుక్కోవాల్సిన పని ఉండదు. అధికారులు బదిలీ అవుతుంటారు, ప్రభుత్వాలు మారుతుంటాయి. లెక్క మాత్రం నిలిచి ఉండాలి.