పానశాలలో త్రాగనివారి హక్కు

జర్మనీ దేశపు నగరములలో రాత్రివేళ వినోదమున కెక్కడికి పోవలెను, అచ్చట నేమి త్రాగవలెను అను ప్రశ్నకు సమాధానముగా నేడు పట్టికలమీద పట్టికలు వెలువడుచున్నవి. బెర్లినులో ఫలాని నృత్యశాల, మ్యూనికులో ఫలాని బీరుతోట, హాంబుర్గులో ఫలాని వీధి. ఒక్కొక్కదాని కెదురుగా ఒక పానీయము పేరు, దాని వెల. వీనిని చదివినవారికి ఆ దేశమున ప్రొద్దు గ్రుంకిన తరువాత మనుష్యులు లేరనియు, గ్లాసులు మాత్రమే యున్నవనియు తోచును. మఱియొక వంక, చదువుకై ఆ దేశమునకు బయలుదేరు బిడ్డకు మన పెద్దలు కొందఱు చేయు ఉపదేశ మొక్కటే: "నాయనా, చీకటి పడినచో గది దాటకుము, అక్కడ అందఱును త్రాగుదురు." పట్టికలు వ్రాయువారికిని ఈ పెద్దలకును మాటలలో భేదమే కాని తలంపులో భేదము లేదు. ఆ దేశపు రాత్రి యనగా మద్యమే యని యిరువురును నమ్మినారు. ఒకరు దాని నమ్ముకొనుచున్నారు, ఒకరు శపించుచున్నారు. మేమీ రెండు పక్షములను ఖండింపబూనితిమి.

ఇది దూరదేశపు వ్యవహారమని పాఠకులు పుట త్రిప్పవలదు. 2023-24 విద్యాసంవత్సరమున జర్మను ఉన్నతవిద్యాలయములలో చదివిన భారతీయులు సుమారు 49,000 మంది. విదేశీ విద్యార్థులలో అంతటి సంఖ్య మఱి యే దేశమునకును లేదు. వారిలో మన తెలుగు బిడ్డలు పెక్కురున్నారు. గ్లాసు పట్టనిదే ఆ దేశపువారి నడుమ తమకు చోటు లేదని తలచి త్రాగుడు మొదలుపెట్టువారు కొందఱు. త్రాగుట కిష్టములేక, తోడివారు పిలిచినప్పుడెల్ల ఏదో యొక సాకు చెప్పి, శీతకాలపు దీర్ఘరాత్రులు నాలుగు గోడల నడుమ గడపువారు కొందఱు. ఈ రెండు విధముల నష్టమునకును మూలము ఆ యొక్క యపోహయే.

అపోహ యని మే మూరక యనుట లేదు. జర్మనీ దేశపు పానశాలల చట్టములోని 6వ పరిచ్ఛేదమును చూడుడు. మద్యము అమ్ము ప్రతి పానశాలయు మద్యము లేని పానీయములను గూడ ఉంచవలెను. వానిలో కనీస మొక్కటి, అదే పరిమాణముగల మద్యములలో మిక్కిలి చౌకయైన దానికంటె ఎక్కువ వెలకు అమ్మబడరాదు. చిన్న గ్లాసు పెట్టి మోసగింపకుండ, లీటరు లెక్కన గూడ పోల్చి చూడవలెనని విధించినారు. ప్రజలు దీనిని ఆపిలురసపు నిబంధన యని ముద్దుగా పిలుతురు. అంతటితో ఆగక, పానీయము కొనినగాని భోజనము పెట్టమనుటయు, మద్యము కొనినగాని రసము ఇయ్యమనుటయు అదే చట్టము 20వ పరిచ్ఛేదమున నిషేధించినది. ఒడలు తెలియని తాగుబోతునకు మఱల మద్యము పోయుటయు అచ్చటనే నిషిద్ధము. కొన్ని రాష్ట్రములు సొంత చట్టము చేసికొన్నప్పుడును ఆపిలురసపు నియమమును విడువలేదు. చట్టమునకు సమాధానముగా ఒక్క పానీయమును చౌకగా చూపి, మిగిలిన రసములకు తమకు తోచిన వెల వేయు గడుసరి యజమానులును లేకపోలేదు. అయినను, మద్యమే బ్రదుకుదెరువైన యింట త్రాగనివానికి స్థానమును వ్రాతమూలకముగా ఏర్పఱచిన ఈ మాట ఏ పట్టికలో నున్నదో చూపుడని మేమడుగుచున్నాము.

బీరుతోటల సంగతి చూతము. పూర్వము బవేరియాలో అగ్నిభయముచేత వేసవినెలలలో బీరు కాచుట నిషేధింపబడెను. వసంతమున కాచినదానిని వేసవి యంతయు చల్లగా నిలుపుటకై ఇసారు నది గట్టున లోతైన నేలమాళిగలు త్రవ్వి, పైన నీడకు గుఱ్ఱపు చెస్ట్‌నట్టు చెట్లు నాటి, నేలపై గులకరాళ్లు పఱచిరి. జనులు ఆ నీడకు చేరిరి. బీరు కాచువారు అచ్చటనే పోసి అమ్మ దొడగిరి. పట్టణములోని చిన్న పూటకూళ్లవారు తమ నోటికూడు పోయినదని మొఱపెట్టుకొనిరి. అంతట 1812లో రాజు మొదటి మాక్సిమీలియను ఒక తీర్పు చేసెను: కాచువారు బీరు అమ్ముకొనవచ్చును గాని, రొట్టె తప్ప వేఱు భోజన మేదియు పెట్టరాదు. కావున జనులు ఇంటినుండి మూటలు కట్టుకొని రాసాగిరి. ఆ నిషేధ మెన్నడో పోయినది గాని, మూట తెచ్చుకొను హక్కు నేటికిని నిలిచియున్నది. బల్లపై గుడ్డ పఱచినచోట వడ్డించువారు వత్తురు; గుడ్డలేని బల్లలయొద్ద ఎవరి భోజనము వారు విప్పుకొనవచ్చును. తాత, అవ్వ, కోడలు, పసిబిడ్డలు ఒక్క బల్లచుట్టు కూర్చుందురు; తెలియనివారు వచ్చి చోటున్నదా యని యడిగి ప్రక్కన కూర్చుందురు. మన తిరునాళ్లలో చెట్టుక్రింద మూట విప్పిన కుటుంబమునకును వీరికిని గల పోలిక చూచినవారికే తెలియును. పులిహోర పొట్లము తీసికొనిపోయినను అడ్డుపెట్టువారు లేరు. పానీయము మాత్రము తోటలోనే కొనవలెను. అది ఆపిలు రసమైనను సరియే.

ఈ తోటలకై ఆ పురజనులు పోరాడిన విధము మన సంస్కర్తలు తెలిసికొనదగినది. మ్యూనికు నగరపు దక్షిణమున నున్న యొక తోట రొద సహింపలేమని పొరుగువారు న్యాయస్థానమున కెక్కగా, రాత్రి 9-30 గంటలకే మూయవలసి వచ్చెను. 1995 మే 12వ తేదీని ఇరువదివేల మంది మ్యూనికు వీథులలో నూరేగింపు తీసిరి. ప్రభుత్వము వెంటనే తోటల పక్షమున ఒక శాసనము చేసెను. 1999 జనవరిలో ఉన్నత పరిపాలన న్యాయస్థానము, పొరుగువారి నిద్రను లక్ష్యపెట్టలేదని దానిని కొట్టివేసెను. ఆ యేటి ఏప్రిలులో క్రొత్త శాసనము వచ్చినది: పదిగంటలకు సంగీతము ఆగవలెను, పదిన్నఱకు పోయుట ఆగవలెను, పదునొకండు గంటలకు వచ్చినవారి బండ్లు గూడ కదలిపోవలెను. ఎట్టి కుదుర్పు! కూర్చుండగోరువానికిని నిద్రింపగోరువానికిని గడియలు లెక్కపెట్టి పంచి పెట్టినారు. ఒక దేశము తన రాత్రిని ఇట్లు బహిరంగముగా తర్కించి పంచుకొనునప్పుడు, దానిని త్రాగుబోతుల దేశమని కొట్టివేయుట పామరత్వము గాక మఱేమి?

అట్లని మేము జర్మను పానశాలకు మంగళహారతి పట్టుట లేదు. 1920 ఫిబ్రవరి 24వ తేదీని హిట్లరు తన పక్షపు కార్యక్రమమును చదివినది మ్యూనికులోని హోఫ్‌బ్రౌహౌసు బీరుశాలలోనే. 1923 నవంబరులో తుపాకి పేల్చి తిరుగుబాటు మొదలుపెట్టినది మఱియొక బీరుశాలలోనే. పదిమంది కూడు బల్ల మంచినే పలుకునని యెవరును పూచీ పడజాలరు. మన రచ్చబండలమాత్రము ఎన్ని కొంపలు ముంచలేదు! మద్యము మూలమున ఆ దేశమున ఏటేట నలుబదివేలకు మించి ప్రాణములు పోవుచున్నవని అచ్చటి వ్యసననివారణ సంస్థలే లెక్క చెప్పుచున్నవి. పదునాఱేండ్లకే బీరు, ద్రాక్షాసవము కొననిచ్చిన దేశమది. తలిదండ్రులు ప్రక్క నున్నచో పదునాలుగేండ్ల బిడ్డకును పోయవచ్చునన్న నియమమును తొలగింపుడని 2025లో రాష్ట్రముల ఆరోగ్యమంత్రులే కోరిరి. ఇవి మేము దాచము. దాచనవసరము గూడ లేదు. ఏలయన మేము కొనియాడుచున్నది గ్లాసును గాదు, బల్లను.

పట్టికలవారు నిజముగా చెప్పవలసిన సంగతులు చెప్పరు. కొలోను నగరమున బీరు అయిదవవంతు లీటరు పట్టు సన్నని గ్లాసులలో వచ్చును. వడ్డించువానిని అచ్చట క్యోబెసు అందురు. గ్లాసు ఖాళీ యైనచో నడుగకయే మఱియొకటి పెట్టి అట్టబిళ్లపై గీత గీయును. చాలునన్నచో ఆ బిళ్లను గ్లాసుపై మూయవలెను. ఇది తెలియని పరదేశి మర్యాదకు జంకి గ్లాసు వెంట గ్లాసు దింపుకొనును. ఫ్రాంక్‌ఫర్టులో ఆపిలు పేరు విని రసమనుకొని గుటకవేయరాదు; నీలిబొమ్మల జాడినుండి వంచునది పులిసిన ఆపిలు మద్యము. రసమును సోడాతో కలిపినది ఆప్‌ఫెల్‌షోర్లె. అది నిర్భయముగా త్రాగవచ్చును. రాడ్లరు అనునది నిమ్మపానకమువలె తియ్యగా నుండును గాని, అందు సగము బీరే. ఇంతమాత్రము వ్రాయుటకు వీరికి పుటలు చాలవట!

ఇక బెర్లిను. 1949లో పశ్చిమ బెర్లిను పానశాలలకు మూసివేయు వేళ యను కట్టుబాటు తొలగినది. హైంజ్ జెల్లర్‌మాయర్ అను హోటలు యజమాని అమెరికా సేనాధికారి హౌలీని ఒప్పించెనట. ఆ మంతనమున ఒక విస్కీ సీసాయు పాలుపంచుకొనెనని చెప్పుకొందురు. 1989లో గోడ కూలిన తరువాత, యజమాను లెవరో తేలని కర్మాగారములలోను, నేలమాళిగలలోను యువజనులు యంత్రసంగీతముతో నృత్యశాలలు నెలకొల్పిరి. వీనికి పోవువారు ముఖ్యముగా ఆడుటకు పోవుదురు. పెక్కు శాలలలో ద్వారముననే ఫోను కెమెరాపై బిళ్ల అంటింతురు. లోపల నెవరి బొమ్మయు ఎవరును తీయరాదు. పూర్వము విద్యుత్కేంద్రమైన భవనమున నడచు బెర్గ్‌హైను శాలలో జరుగునది సంగీతకచేరియే యని 2016లో పన్నుల న్యాయస్థానము తీర్పు చెప్పి, 19 శాతము పన్నునకు బదులు 7 శాతమే విధించినది. 2021 మేలో జర్మను పార్లమెంటు, ఇట్టి శాలలను జూదగృహముల వరుసలోనుండి తీసి సంస్కృతిస్థానములలో చేర్పవలెనని తీర్మానించినది. 2024లో బెర్లిను టెక్నో సంస్కృతి ఆ దేశపు అమూర్త వారసత్వపు జాబితాకెక్కినది. మత్తుపదార్థములు వీనిలో దూఱలేదని మేమనము, దూఱినవి. అయినను వీనిని మూయించుచున్నది నీతి గాదు, అద్దె! స్ప్రే నది యొడ్డున 2002 నుండి నడచిన వాటర్‌గేటు శాల 2024 చివర తలుపు మూసినది. నేల వెల పెఱిగినకొలది పేదలును విద్యార్థులును కూడు చోట్లు తఱుగుచుండ, ధనికుల మద్యశాలలు మాత్రము పట్టికలలో పై వరుసకు ప్రాకుచున్నవి.

ఈ శాలల ద్వారపాలకులపై మాకు గల ఆక్షేపణమును గూడ వ్రాయకతప్పదు. ఎవరిని లోనికి విడుతురో ఎవరిని త్రిప్పుదురో కారణము చెప్పరు. అది వారి కళయట! దేహపు రంగు చూచి త్రిప్పుట 2006 నాటి సమానత్వ చట్టమునకు విరుద్ధమని మన బిడ్డలు తెలిసికొని పోవలెను.

స్త్రీల మాట. 2015 డిసెంబరు 31వ రాత్రి కొలోను రైలుస్టేషను ముంగిట వందలకొలది స్త్రీలు అవమానింపబడిరి. ఆ దేశము స్త్రీలను ఇండ్లలో కూర్చుండుడనలేదు. 2016లో, స్త్రీ వలదన్న మాటయే చాలునని అత్యాచారపు చట్టమును మార్చుకొన్నది. ఆ 2016లోనే మ్యూన్స్టరు పట్టణపు స్త్రీసహాయకేంద్ర మొక యుపాయము పన్నినది: పానశాలలో భయము కలిగిన స్త్రీ పనివారి యొద్దకు పోయి "లూయిసా ఉన్నదా?" యని యడిగిన చాలును, వారు మఱుమాట యడుగక ఆమెను సురక్షితస్థలమునకు చేర్చి, బండినో బంధువునో పిలుతురు. ఇది పెక్కు నగరములకు వ్యాపించినది. దీనిని వ్రాయని పట్టికలు హాంబుర్గులోని హెర్బర్టు వీధిని మాత్రము మఱువవు! రెండు కొనల ఇనుపతలుపులు పెట్టి, స్త్రీలను పసివారిని రావలదని, లోపల స్త్రీశరీరమును గాజు వెనుక నిలిపి వెలకట్టు చోటది. దీనిని చూడదగిన వింతలలో చేర్చి వ్రాయు చేతిని మేమేమని పిలువవలెను? అదే పాయపు వీథులలో 1960 మొదలు బీటిల్సు అను కుఱ్ఱవాండ్రు రాత్రికి గంటలతరబడి పాడి పాట నేర్చుకొనిరి. నేటికిని అచ్చట చిన్న సంగీతశాలలు గలవు. వింత యన్న నది గాదా?

త్రాగక కూర్చున్నచో నవ్వుదురని కొందఱు విద్యార్థులు మాకు వాదింతురు. ఎవరు నవ్వుదురు? 1980లో తలకు సుమారు 146 లీటర్ల బీరు త్రాగిన ఆ దేశము 2023 నాటికి 90 లీటర్ల లోపునకు దిగినది. మద్యము లేని బీరును ఇప్పుడు వందలకొలది రకములుగా వారే కాచుకొనుచున్నారు. ఆప్‌ఫెల్‌షోర్లె గ్లాసు నెత్తినను ఎదుటివారు కన్ను కలిపి, గ్లాసు తాకించి, ఆరోగ్యము పలుకుదురు.

కావున పట్టికలు వ్రాయువారి నొక్కటి కోరుచున్నాము. బీరు వెల ప్రక్కన రసపు వెలయు, తెచ్చుకొన్న భోజనము చెల్లునో లేదో, ఇంటికి చేర్చు కడపటి రైలు ఎన్ని గంటలకో వ్రాయుడు. అంతవఱకు మీ పట్టికలను మా యిండ్లనుండి బయలుదేరు బిడ్డల చేతికి మేమియ్యము.